అమ్మకు అంతర్వేది చూపించాలి, కోనసీమకు ఎప్పుడు వస్తే బాగుంటుంది?

ధర్మపురి రేవు:

నమస్తే అందరికీ. మాది ధర్మపురి. గోదావరి ఒడ్డునే పుట్టి పెరిగాను, కానీ ఎండాకాలం వచ్చిందంటే మా దగ్గర నది సగం బండలు, సగం ఇసుక, మధ్యలో అక్కడక్కడ మడుగులు. అమ్మ జీవితమంతా మా ఊరి నరసింహస్వామి గుడి దగ్గర రేవులో స్నానాలు చేసిన మనిషి. ఇదే గోదావరి అంతర్వేదిలో మళ్లీ నరసింహస్వామి గుడి దగ్గరే సముద్రంలో కలుస్తుందని ఎవరో చెప్పారట, అప్పటినుంచి ఒక్కసారి అక్కడికి తీసుకుపో బిడ్డా అని అడుగుతూనే ఉంది. ఈసారి తీసుకెళ్లాలని గట్టిగా అనుకున్నాను.

వీడియోలు చూస్తే అన్నీ హౌస్‌బోట్లు, రిసార్టులు, డ్రోన్ షాట్లే. అవి వద్దని కాదు, ఒక రాత్రి ఉంటాం. కానీ పిల్లలిద్దరూ (ఒకడు ఆరో తరగతి, చిన్నది మూడో తరగతి) అక్కడి మనుషులు నదితో ఎలా బతుకుతారో చూడాలని నా కోరిక. ఏరు దాటించే పంటు ఎక్కాలి, కాలవలు చూడాలి, కొబ్బరి దింపేవాళ్లతో మాట్లాడాలి, అలాంటివి. ఊళ్లలోకి ఊరికే నడుచుకుంటూ వెళ్తే అక్కడివాళ్లు ఏమైనా అనుకుంటారా? ఏ నెలలో రావాలి, ఏ స్టేషన్‌లో దిగాలి? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. అమ్మ, మా ఆవిడ శాకాహారం. నేను, పిల్లలు చేపలు తింటాం, పులస తినాలని ఎప్పటినుంచో ఉంది కానీ అందులో మోసాలు ఎక్కువని విన్నాను. నాలుగైదు రోజులు సెలవు దొరుకుతుంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఏటిగట్టు:

ఆయ్, తప్పకుండా రండి. మాది రాజోలు. మీ అమ్మగారి కోరిక చదివి సంతోషంగా అనిపించింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఇక్కడి భూమి సంగతి పిల్లలకు ఒక కాగితం మీద గీసి చూపించండి, లేకపోతే వచ్చాక అంతా కొబ్బరిచెట్లే కనిపిస్తాయి, ఏది ఎక్కడుందో అర్థం కాదు. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పెద్ద పాయలవుతుంది, తూర్పున గౌతమి, పడమట వశిష్ట. వశిష్ట నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. గౌతమికీ వశిష్టకూ మధ్య, దక్షిణాన సముద్రం దాకా ఉన్నదే కోనసీమ. మూడువైపులా నీళ్లే కాబట్టి ఎటునుంచి వచ్చినా ఏరు దాటాల్సిందే, అమలాపురానికి ఈరోజుకీ రైలు లేదు. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా అయింది, కానీ రైలు కోసం కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయ్యే దాకా ఆగాల్సిందే.

కాలం విషయానికొస్తే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పెట్టుకోకండి. ఎండ, ఉక్కపోత ఒకటైతే, ఆ రోజుల్లో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. నీళ్లు లేని కాలవ, కోతలైపోయిన చేలు చూసి ఇదేనా కోనసీమ అనుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. జూలై, ఆగస్టు వరదల కాలం, దాని గురించి ఏటి మధ్య లంకల్లో ఉండేవాళ్లు చెబితేనే బాగుంటుంది.

అంతర్వేదికి నరసాపురంలో రైలు దిగడం తేలిక. స్టేషన్ నుంచి ఆటోలో రేవుకు వస్తే వశిష్ట అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. ఈ మధ్యలో పంటు తిరుగుతుంది. మీ పిల్లలు చూడాల్సింది ఇదే. రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచినట్టు ఉంటుంది, దానిమీదికి కార్లు, ఆటోలు, బళ్లు ఒకదాని పక్కన ఒకటి అంగుళం సందు లేకుండా ఎక్కిస్తారు, మిగిలిన జాగాలో మనుషులు, పాలక్యాన్లు, అరటిగెలలు, పెళ్లికి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు. ఎవరూ సరదాకి ఎక్కరు, ఒడ్డుకు చేరగానే ఎవరి పనికి వాళ్లు పరుగు. రేవులో వాలు ఉంటుంది, తడిగా ఉంటే జారుతుంది, అమ్మగారిని ఆటోలోంచి దించకుండా ఆటోతో సహా పంటు ఎక్కించండి. తిరిగి వచ్చేటప్పుడు పంటు వద్దనుకుంటే మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరుకోవచ్చు.

గుడి దగ్గర ఇబ్బంది లేదు. నది సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు, అక్కడ మాత్రం ఇసుకలో నడక తప్పదు. సాయంత్రం చల్లబడ్డాక నెమ్మదిగా వెళ్లండి, ఒకవైపు ఏటి నీళ్లు, ఒకవైపు అలలు, రెండు రంగులు కలిసే గీత కనిపిస్తుంది. భీష్మ ఏకాదశి సమయంలో స్వామివారి కల్యాణం, రథోత్సవం జరుగుతాయి, 2020లో పాత రథం కాలిపోయాక కొత్తది చేయించారు. ఆ రోజుల్లో జనం విపరీతం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తేవద్దు.

లాకుల పక్కన:

పైన చెప్పినవన్నీ నిజం, కానీ నరసాపురం నుంచి మొదలుపెడితే నది ఎలా చీలిందో చూడకుండా చివరికి వెళ్లిపోతారు. పిల్లల కోసం కాబట్టి నా మాట విని రాజమండ్రిలో దిగండి. ఉదయాన్నే ధవళేశ్వరం వెళ్లి, బ్యారేజీ పక్కన కాటన్ మ్యూజియం చూపించి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక రండి. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. అంతకు ముందు ఇదే డెల్టాలో గోదావరి పక్కనే పారుతున్నా జనం కరువుతో చచ్చిపోయారు. ఇప్పుడు మీరు చూసే పచ్చదనమంతా ఆ కాలవల పుణ్యం. ఊళ్లలో దొరగారి విగ్రహాలకు దండలు ఎందుకు వేస్తారో పిల్లలకు మ్యూజియం చూశాక మీరు చెప్పక్కర్లేదు.

బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు మీదుగానే వస్తే లొల్ల లాకులు. నీళ్లు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎలా దింపుతారో, వెనకటి రోజుల్లో ధాన్యం పడవలు ఈ లాకుల్లోంచి ఎలా దిగేవో అక్కడ నిలబడి చూస్తే ఆరో తరగతి పిల్లాడికి సైన్సు పాఠమే.

దగ్గర్లోనే ఆత్రేయపురం. పూతరేకులు రోడ్డు మీద దుకాణంలో కొనేసి వెళ్లిపోకండి, ఊళ్లోకి వెళ్లి రేకు తీసేవాళ్ల ఇంట్లో కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ నున్నగా మెరుస్తూ ఉంటుంది, లోపల కొబ్బరాకు మంట. పక్కన గిన్నెలో పాలలా పలచగా రుబ్బిన బియ్యప్పిండి. ఆవిడ పల్చటి గుడ్డను అందులో ముంచి, రెండు చేతులతో కుండ మీద పరిచి అలా లాగేస్తుంది, అంతే, క్షణంలో రేకు లేచిపోతుంది. మంట కాస్త ఎక్కువైతే చిట్లుతుంది, తక్కువైతే అంటుకుంటుంది, అందుకే మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ కన్ను మంట మీదే ఉంటుంది. పొద్దున్నుంచి ఆ వేడి దగ్గర కూర్చునే పని అది. 2023లో ఈ పూతరేకులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మంచిదే, కానీ రేకు తీసే ఆడవాళ్ల కూలి కూడా పెరగాలని నాకుంటుంది. వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. అమ్మగారికి బెల్లం, నెయ్యి వేసినవి పెట్టించండి.

యానాం చేపలు:

నా వంతు పులస. నవంబరులో వస్తే పులస ఉండదు సార్, ఆ ఆశ వదిలేయండి. జూలైలో ఎర్రటి వరదనీళ్లు దిగాక సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వస్తుంది, సెప్టెంబరు దాకా దొరుకుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు అది మామూలు ఇలస చేపే, తీపి నీళ్లలోకి ఎక్కి ఈదే కొద్దీ రుచి మారుతుంది. ఎగువన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డు కాబట్టి దొరికేదంతా ఈ కిందనే. ఏటేటా తగ్గిపోతోంది, ఒక్కో చేప వేలల్లో పలుకుతోంది, అందుకే మోసం. వేరే రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులస అని అమ్మేస్తారు. ఏటి గాలి పీల్చినవాళ్లకు తేడా తెలుస్తుంది కానీ కొత్తవాళ్లకు కష్టం. వలలోంచి తీసి రేవులో వేలం పాట పాడుతున్నప్పుడు కొనడమో, తెలిసినవాళ్ల ఇంట్లో తినడమో తప్ప రోడ్డు పక్క హోటల్లో బోర్డు చూసి తినొద్దు.

కాలంలో వచ్చినవాళ్లు కూడా వండిన పూట తినరు. మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు సన్నటి సెగ మీద మరిగించి, మర్నాడు తింటారు. ముళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకు జాగ్రత్త.

మీరొచ్చేది నవంబరు మొదట్లో అయితే చీరమేను దొరకొచ్చు. వెంట్రుకంత సన్నటి చేపపిల్లలు, చీర గుడ్డతో పడతారు, కొలతల్లెక్కన అమ్ముతారు. చింతచిగురో మామిడికాయో వేసి వండుతారు, గారెల్లాగా కూడా వేస్తారు. ఒక మాట మాత్రం చెప్పాలి, అవన్నీ రకరకాల చేపల పిల్లలే, కాబట్టి అందరూ ఎగబడి తింటే రేపు ఏట్లో చేప ఉండదు. నేను ఏడాదికి ఒక్కసారే తింటాను. ఆ కాలం దాటితే బొమ్మిడాయల పులుసు, కొర్రమీను, పీతలు ఎప్పుడూ ఉంటాయి. శాకాహారులకు బాధే లేదు: పనసపొట్టు కూర ఆవపెట్టి, కంద బచ్చలి, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు.

యానాం రావడానికి ఎదుర్లంక వంతెన ఉంది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. ఆ వంతెన లేనప్పుడు పురుడొచ్చినా, పాము కరిచినా పడవ కోసం గట్టు మీద కూర్చునేవాళ్లమని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 1954 దాకా ఇది ఫ్రెంచివాళ్ల ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే. ఇక్కడినుంచి కాకినాడ వైపు వెళ్తే కోరింగ మడ అడవులు, చెక్క వంతెన మీద నడవొచ్చు, అమ్మగారికి నేల చదునుగానే ఉంటుంది. మడచెట్ల వేళ్లు బురదలోంచి పైకి ఎలా పొడుచుకొస్తాయో పిల్లలకు చూపించండి, సముద్రపు పోటు దిగినప్పుడైతే బాగా కనిపిస్తాయి.

లంక పిల్ల:

అన్నా, మనుషులు నదితో ఎలా బతుకుతారో చూడాలని అడిగారు కాబట్టి రాస్తున్నాను. మాది పి.గన్నవరం దగ్గర లంక. లంక అంటే ఏటి మధ్యలో ఊరు. నేల బంగారం, ఏటా వరద తెచ్చిపోసే ఒండ్రు మీద అరటి, కంద, కూరగాయలు, బంతిపూలు ఏది వేసినా వస్తుంది. కానీ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఎగరేశారంటే మా ఇళ్లల్లో పని మొదలవుతుంది. బియ్యం, పుస్తకాలు, మంచాలు అటక మీదికి. 13.75 అడుగులకు రెండోది, అప్పటికి గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలేస్తాం. 17.75 దాటితే మూడోది, ఇక మనుషులు కూడా గట్టు ఎక్కాల్సిందే. మా తాతయ్య లెక్కంతా 1986 ఆగస్టు వరదకు ముందు, తర్వాత అనే ఉండేది. 2022 జూలైలో వచ్చిన వరదకు మా ఇంట్లో నీళ్లు కిటికీ దాకా వచ్చాయి, గోడ మీద ఆ మట్టి గీత సున్నం వేసినా కనిపిస్తుంది.

అందుకే జూలై, ఆగస్టుల్లో కెమెరాలు పట్టుకుని వరద చూడటానికి వచ్చేవాళ్లంటే నాకు మహా కోపం. ఊరివాళ్లు సామాన్లు దాటించుకోడానికి పడవ కోసం నిలబడితే, వీళ్లు అదే పడవలో వీడియోలు తీసుకుంటారు. దయచేసి ఎవరూ అలా రావొద్దు.

మీరు నవంబరు తర్వాత రండి, నీరు తేటపడి ఉంటుంది. ఊళ్లోకి నడిచి వెళ్తే ఏమీ అనుకోరు, పైగా ఏ ఊరండీ మీది అని అడిగి, ఎవరింటికి వచ్చారో తెలిసేదాకా వదలరు. కొబ్బరిబొండం కొట్టి ఇస్తే డబ్బులివ్వబోతారు మీరు, వాళ్లు తీసుకోరు, బాగోదు కూడా, పిల్లల చేతిలో ఏవైనా పళ్లు పెట్టి పంపండి. ఆడవాళ్లు రేవులో స్నానం చేసేచోట, బట్టలుతికేచోట ఫోను తీయకండి. పెరట్లోంచి దారి ఉంటే ముందు పిలిచి అడగండి.

గన్నవరం వస్తే అక్విడెక్టు చూడండి. కింద వైనతేయ, పైన కాలవ, నది మీదుగా నీళ్లు దాటిపోతుంటాయి. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏరు దాటడానికి వచ్చి ఆకలితో నిలబడ్డవాళ్లకి, ఏ కులం, ఏ వేళ అని చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, లంకల గన్నవరంలో ఉండేవారు, 1909లో పోయారు. మా ఇళ్లల్లో ఈరోజుకీ మిగిలిన అన్నం పారేసి గిన్నె కడగరు అంటే ఆవిడ పేరే చెబుతారు.

రావులపాలెం అరటి:

సంక్రాంతికి రమ్మని ఎవరూ చెప్పలేదేంటి? కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడకపోతే కోనసీమ చూసినట్టే కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురు బద్దలతో కట్టి, రంగు గుడ్డలు, గంటలు, వరికంకులు పెట్టిన ఎత్తయిన ప్రభను భుజాల మీద మోసుకుని, గంగలకుర్రు కుర్రాళ్లు కౌశిక కాలవలోకి దిగిపోతారు, నీళ్లు ఛాతీ దాకా వచ్చినా ప్రభ ఒరగకూడదు, శరభ శరభ అని ఒకటే కేక. పచ్చటి వరిచేలల్లోంచే తీసుకెళ్తారు, తొక్కిన చేను రైతు ఒక్క మాట అనడు, స్వామి నడిచాడని సంబరపడతాడు. 2023లో రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన శకటం ఇదే. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నా, కనుమకు మాత్రం లీవు పెట్టకుండా ఉండను.

ఏటిగట్టు:

అరటి గారూ, ప్రభల తీర్థం మీద మీ మాట కాదనను, కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను, ఎనిమిదేళ్ల పిల్లను ఆ జనంలోకి రమ్మనడం నాకు నచ్చలేదు. పైగా ఆ మూడురోజులూ గదులు దొరకవు, దొరికినా రేటు రెండింతలు, మూడింతలు. కోడిపందేల బరుల వల్ల రోడ్లన్నీ జామ్. పందేలు చట్టప్రకారం నిషేధం, కత్తులు కట్టి కోళ్లను చంపుకోవడం, లక్షల్లో జూదం, దాన్ని మన సంస్కృతి అని పిల్లలకు చూపించడానికి నాకు మనసొప్పదు. ప్రభలు చూడాలంటే ఇంకో ఏడాది, అన్నగారు ఒక్కరే వచ్చి చూడొచ్చు.

రావులపాలెం అరటి:

సరే, అమ్మగారి విషయంలో మీదే రైటు. పందేలకు నేనూ వెళ్లను. కానీ దూరంనుంచి అయినా చూడొచ్చండి, మధ్యాహ్నం మూడు లోపు తోటకు వెళ్లి ఒక గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే. ఇంకో సంగతి, పాపికొండల బోటు కూడా పెట్టుకుంటారేమో, పెట్టుకుంటే రాజమండ్రి రోజునే పెట్టుకోండి, అది డెల్టాకు ఎగువన, కోనసీమలో కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయిన సంగతి అందరికీ గుర్తే. లైఫ్ జాకెట్ పిల్లల సైజులో ఇచ్చి, కట్టాకే బోటు కదిలిస్తే ఎక్కండి, లేకపోతే టికెట్ డబ్బులు పోయినా దిగిపోండి.

ధర్మపురి రేవు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. డిసెంబరులో వస్తున్నాం. రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం, లాకులు, ఆత్రేయపురం, తర్వాత గన్నవరం, దిండిలో ఒక రాత్రి, చివర అంతర్వేది, పంటు మీద నరసాపురం వచ్చి రైలు. యానాం, కోరింగ ఈసారి కుదరవు, పులసతో కలిపి ఇంకోసారి. పాపికొండలు కూడా వద్దనుకున్నాం. డొక్కా సీతమ్మ గారి గురించి విన్నాక అమ్మ ఆ ఊరు తప్పకుండా చూడాలంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మ సంగమంలో స్నానం చేస్తానంటోంది. చేయించొచ్చా? ప్రమాదమేమీ లేదు కదా?

ఏటిగట్టు:

మీ వరస బాగా కుదిరింది. సంగమం దగ్గర మాత్రం లోపలికి దింపకండి. ఏటి ఉరవడి, అల రెండూ అక్కడే తగులుకుంటాయి, కాలి కింద ఇసుక జారిపోతుంది, ఈతొచ్చిన మగవాళ్లే కొట్టుకుపోయారు. అక్కడ ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో తలమీద పోయండి, చాలు. నిండా మునగాలంటే ఊళ్లోనే వశిష్ట రేవులో, మీరు చెయ్యి పట్టుకుని, చివరి మెట్టు దాటకుండా.

పోటు వేళ వెళ్తే నీళ్లు పై మెట్లకు వస్తాయి, ఆమె ఎక్కువ మెట్లు దిగక్కర్లేదు. నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, కంగారు పడొద్దు, సముద్రం నీళ్లు ఏట్లోకి ఎక్కుతాయి ఆ వేళ, పిల్లలు చూస్తే నది వెనక్కి పారుతున్నట్టే ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా వస్తుంది కాబట్టి తారీఖులు వేసుకునే ముందు పంచాంగం ఒకసారి చూడండి. పోటు ఎన్ని గంటలకో ముందురోజు సాయంత్రమే రేవులో పడవవాళ్లను అడిగితే చెబుతారు, ఆఖరి పంటు ఎప్పుడో కూడా అప్పుడే కనుక్కోండి, రైలు రోజు కదా. తారీఖు ఖాయమయ్యాక ఇక్కడ ఒక మాట వేయండి, నేను ఊళ్లోనే ఉంటే సఖినేటిపల్లి రేవుకు వస్తాను.